ఎనుకకు జరుగే ఓ వదినా

మక్తల్ సభకు అభ్యర్థి రావడం ఆలస్యమయ్యేకొద్దీ బరువంతా లక్ష్మీనర్సమ్మ గొంతు మీద పడింది. సభ మధ్యాహ్నమే అన్నారు. పొద్దు వాలుతున్నా ఆయన కార్లు ఇంకా నారాయణపేట దాటలేదట. ఆయన వచ్చేదాకా జనం లేచిపోకుండా పట్టి ఉంచాలి. అందుకే ఆమెను తిరుమలగిరి నుంచి ఇంత దూరం పిలిపించారు.

"ఇంకో రెండు పాటలు గుంజు అక్కా" అన్నాడు గోపీకృష్ణ, వేదిక మెట్ల దగ్గర నిలబడి నీళ్ల సీసా అందిస్తూ. ఆమె పాటలను యూట్యూబ్‌లో పెట్టే చానల్ అతనిది. ఆమె ఏ ఊళ్లో పాడాలో, ఏ పాట పాడాలో, చివరికి ఏ రంగు చీర కట్టాలో కూడా అతనే చెబుతాడు.

"అప్పటిసంది పాడుతనే ఉన్న తమ్మీ. గొంతు ఎండుకపోయింది. జరసేపు ఏసోబన్నతోని డప్పు కొట్టియ్యరాదు?"

"డప్పుకు ఎవడాగుతడక్కా? బావ పాట ఎయ్యి. గది ఇంటే ఒక్కడు కదలడు."

బావ పాట అంటే 'జొన్నచేను గట్టు మీద జోరుగొచ్చె నా బావ'. ఆ ఒక్క పాట ఆమె బతుకును రెండు ముక్కలు చేసింది. అది రాకముందు ఒకటి, వచ్చాక ఒకటి.

తిరుమలగిరి పక్క పల్లెలో పుట్టింది లక్ష్మీనర్సమ్మ. తల్లి నాట్లలో పాట ఎత్తుకునే మనిషి. కూతురు నడక నేర్చిన నాటి నుంచి ఆ పాట వెంటే పొలం గట్ల మీద తిరిగింది. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో, పెళ్లయిన కొత్తలో, లారీల మీద కట్టిన వేదికలెక్కి పాడింది. కరెంటు పోయి మైకు మూగబోయినా ఆమె గొంతు చివరి వరుస దాకా వినబడేదని అప్పట్లో చెప్పుకునేవారు. రాష్ట్రం వచ్చింది. లారీలు వెళ్లిపోయాయి. తోటి కళాకారుల్లో కొందరికి కొలువులు దొరికాయి, ఆమె పేరు మాత్రం ఎక్కడా రాలేదు. మళ్లీ పత్తి ఏరడానికి పోయింది. కొన్నేళ్ల పాటు ఆమెను పాడమని అడిగిన వాళ్లే లేరు.

పెళ్లిళ్లకు వీడియోలు తీసే నల్గొండ కుర్రాడు గోపీకృష్ణ ఒక పెళ్లింట్లో పసుపు దంచుతూ ఆమె పాడిన పాట విన్నాడు. ఫోన్లో పట్టుకున్నాడు. దానికి కంప్యూటర్ దరువు కలిపి, మాటలు కొన్ని మార్చి వదిలితే అదే బావ పాట అయి కూర్చుంది. ఆటోల్లో, బరాత్‌లలో, హాస్టళ్లలో అదే పాట. లక్ష్మీనర్సమ్మ 'నర్సక్క' అయింది. ఇంటి పైకప్పు మారింది, బిడ్డ నల్గొండలో కాలేజీకి పోతోంది. కానీ నెమ్మది పాటలు పాడుతానంటే మాత్రం గోపీకృష్ణ ఒప్పుకోడు. "మెల్లగ పాడితే వేలితోని పైకి నూకేస్తరక్కా" అంటాడు, ఫోను మీద బొటనవేలు ఆడించి చూపిస్తూ.

లారీల కాలం నుంచి ఆమె పక్కన డప్పు వాయించిన ఏసోబు ఇప్పటికీ వేదిక మీద ఉంటాడు. ఆమె ఊరివాడే. అయితే అతని డప్పుకు మైకు పెట్టడం ఎప్పుడో మానేశారు. శబ్దమంతా కంప్యూటర్‌లోంచే వస్తుంది. ఏసోబు కండువా కట్టుకుని చూడ్డానికి బాగుండాలి, అంతే.

సౌండ్ చూసే మెహమూద్‌కు సైగ అందింది. స్పీకర్ పెట్టెలు దద్దరిల్లాయి. లక్ష్మీనర్సమ్మ మైకెత్తి బావ పాట అందుకుంది.

సభ జరుగుతున్నది ధాన్యం కొనే మార్కెట్ యార్డులో. మూడు వైపులా ఎత్తు గోడ. వేదికకు ఎదురుగా, దూరంగా ఒక్కటే గేటు. వేదిక ముందు ఇనుప పైపులతో అడ్డు కట్టి, దాని వెనక ఆడవాళ్లకు జంపఖానాలు పరిచారు. వాళ్ల వెనక మగవాళ్లు. ఊళ్ల నుంచి బస్సులు వస్తూనే ఉన్నాయి. బావ పాట వినబడగానే గేటు బయట టీ తాగుతున్న కుర్రాళ్లు కూడా లోపలికి ఉరికారు. పల్లవి వచ్చిన ప్రతిసారీ వెనక గుంపు ఎగురుతూ ఒక అడుగు ముందుకు పడుతోంది.

రెండో చరణంలో ఆమెకు ఏదో తేడా కనబడింది. జంపఖానాలు కనిపించడం లేదు. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. మొదట ఆడుతున్నారనుకుంది. ఆడేవాళ్ల చేతులు పైకి లేవాలి కదా, ఒక్క చెయ్యీ లేవడం లేదు. అందరి చేతులూ కిందనే ఇరుక్కున్నాయి. చిలకపచ్చ చీర కట్టుకున్న ఒకామె రొమ్ము ఇనుప పైపుకు ఆని ఉంది. నోరు తెరిచి ఉంది గానీ ఆమె పాడటం లేదు. ఆమె పక్కన ఎర్ర రిబ్బను కట్టిన చిన్నపిల్ల తల ఒకటి ఒకసారి కనబడి, మళ్లీ కనబడలేదు.

లక్ష్మీనర్సమ్మ పాట ఆపేసింది.

ఆమె ఆపినా పాట ఆగలేదు. కంప్యూటర్‌లో దాచిన ఆమె గొంతే పెట్టెల్లోంచి 'నా బావ, నా బావ' అని అరుస్తూనే ఉంది. జనం ఎగురుతూనే ఉన్నారు. సొంత గొంతు తన మాట వినకపోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఆ రోజు తెలిసింది.

మెట్ల దగ్గరికి పరుగెత్తింది. గోపీకృష్ణ పక్కన శ్రీశైలం ఉన్నాడు. సభ ఏర్పాట్లన్నీ చూస్తున్న అభ్యర్థి మనిషి అతను.

"ముందల ఆడోళ్లు నలుగుతున్నరు. పాట బందు చేయిండ్రి."

"సార్ కార్లు చౌరస్త కాడికి వచ్చినయి" అన్నాడు శ్రీశైలం, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే. "ఇప్పుడు బందు చేస్తే జనం లేచిపోతరు."

"లేచిపోనీకె జాగ ఏడుందన్నా? పిల్లలున్నరు ఆడ!"

"పోలీసులు చూసుకుంటరమ్మా. నీ పని నువ్వు చెయ్."

పోలీసులు కార్లకు దారి చేయడానికి గేటు బయటికి పోయారు. ఆమె గోపీకృష్ణ వైపు చూసింది. "తమ్మీ, నువ్వన్న జెప్పు."

గోపీకృష్ణ కళ్లు తిప్పుకున్నాడు. "పాడక్కా. ఐదు నిమిషాలల్ల అయిపోతది."

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని 'నలుగుతున్నరు, జరుగుండ్రి' అని గట్టిగా అరవబోయింది. ఏసోబు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"గామాట అనకు నర్సా. అంటే ఒక్కసారే ఉరుకుతరు. ఉన్నది ఒక్క గేటు."

"మరేం జెయ్యాలన్నా?"

ఏసోబు గేటు వైపు చూశాడు. అతను చెప్పింది నిజం. భయపెట్టకూడదు. పాట ఆపి ఊరుకోకూడదు. ఊరికే చూస్తూ నిలబడకూడదు.

ఆమె మెహమూద్ దగ్గరికి నడిచింది. వేదిక మూలన, మనిషెత్తు స్పీకర్ పెట్టె వెనక కూర్చుని ఉన్నాడతను.

"మెహమూద్ భాయ్, గా ట్రాకు బంద్ చెయ్. నా మైకు ఒక్కటే ఉంచు. ఇంకో మైకు ఏసోబన్న డప్పు కాడ పెట్టు."

"శ్రీశైలం సాబ్ నన్ను సంపుతడక్కా. మల్ల ఈ జిల్లల నాకు పని దొరకది."

"ఒక్కసారి లేచి చూడు."

మెహమూద్ లేచాడు. పెట్టె పైనుంచి తల పెట్టి చూశాడు. "యా అల్లా" అన్నాడు. మళ్లీ కూర్చోలేదు, డప్పు దగ్గరికి ఇంకో మైకు జరిపి, నిలబడే మీట కిందికి లాగేశాడు.

పాట తెగిపోయింది. అంత రొద మీద ఒక్కసారిగా పడిన నిశ్శబ్దంలో, ముందు వరుసలోంచి సన్నగా ఒక మూలుగు వినబడింది. అది వేదిక మీద వాళ్లకే వినబడింది. వెనకున్న వాళ్లు ఈలలు మొదలుపెట్టారు. "బావ పాట! బావ పాట!" ఒక నీళ్ల ప్యాకెట్ ఎగిరొచ్చి ఆమె భుజానికి తగిలి పగిలింది.

చీర తడిసిపోతున్నా ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆమెకే తెలియదు.

"ఓ తమ్ముళ్లూ! మీ ఎగురుడు చూసిన. మంచిగుంది. మీ ఊళ్లల్ల నాట్లు ఎవరేస్తరు?"

"ఆడోళ్లు!" అన్నారు ఎవరో.

"మరి మగోళ్లకు చేతగాదా?"

నవ్వులు. కేకలు. ఆమె చూపు మాత్రం గేటు మీదే ఉంది. కదిలితే అక్కడి వాళ్లే ముందు కదలాలి. వాళ్లు కదిలితేనే వాళ్ల ముందు వరుసకు చోటు, ఆ వరుస కదిలితే దాని ముందు వరుసకు. ఆడవాళ్లకు ఊపిరి అందాలంటే ఆ గేటు దగ్గర మొదలుపెట్టాలి.

"నాటు ఎట్లేస్తరు చెప్పుండ్రి. ముందటికి నడుసుకుంటనా, ఎనుకకు నడుసుకుంటనా?"

"ఎనుకకు!" ఈసారి చాలా గొంతులు లేచాయి. వ్యవసాయం తెలిసిన జనం.

"గట్లయితే ఇయాల మక్తల్ల మగోళ్ల నాటు! గేటు కాడున్న తమ్ముళ్లు మొదటి వరుస. నేను అడుగెయ్యమన్నప్పుడు ఎనుకకు ఒక్క అడుగు. గేటు దాటి రోడ్డు మీదికి పోతే పోండ్రి, మడి పెద్దదే. నడుమ ఎవ్వడన్న ముందటికొచ్చిండో, వాడు నారు తొక్కినట్టు! ఏసోబన్నా, కొట్టు!"

ఏసోబు డప్పు పలికింది. చాలా కాలం తర్వాత మైకులోంచి పలికింది. పెళ్లి దరువు కాదు, ఊరేగింపు దరువు కాదు. బురదలో కాలు తీసి కాలు వేసేంత నిదానంగా ఒక్కో దెబ్బ.

ఎనుకకు జరుగే ఓ వదినా
నారుకు జాగియ్యే ఓ వదినా
మడి నిండ నీళ్లాయె ఓ వదినా
మెల్లంగ అడుగెయ్యే ఓ వదినా

పాడుతూ వంగి, చేత్తో లేని నారును నాటుతూ, ఆమె వేదిక మీద వెనక్కి అడుగు వేసింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి పాడింది. ఇంకో ప్యాకెట్ వచ్చి పడింది. పచ్చచీర ఆమె తల పక్కకు వాలిపోయింది. లక్ష్మీనర్సమ్మ గొంతు వణకనివ్వలేదు. వణికితే జనానికి తెలిసిపోతుంది.

మూడోసారికి గేటు దగ్గర నలుగురైదుగురు కుర్రాళ్లు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, నడుం వంచి, ఆడవాళ్ల లాగా నాటేస్తూ వెనక్కి అడుగులు వేయడం మొదలుపెట్టారు. వాళ్లది ఎగతాళి. అయితేనేం, పక్కవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లు వంగారు. ఒక వరుస వెనక్కి పోయింది. ఇంకో వరుస. గేటు బయట రోడ్డు మీదికి జనం వెనక్కి నడుస్తూ పోతున్నారు. వేదిక మీది నుంచి చూస్తే నీళ్లు తీసిన మడిలా గుంపు నెమ్మదిగా పలచబడుతోంది.

"ముందలికి రావట్టె, నారు తొక్కవట్టె! ఓ నల్లంగీ తమ్మీ, నిన్నే!" అని మధ్యమధ్యలో హెచ్చరిస్తూ ఆమె పాట వదలలేదు.

అప్పుడే చౌరస్తా వైపు పటాకులు పేలాయి. కార్లు వచ్చేశాయి. గుంపు తలలన్నీ అటు తిరిగాయి. పాట పట్టు తప్పింది. మధ్యలో ఎక్కడో తోపులాట మొదలైంది, మళ్లీ ఒక అల ముందుకు వచ్చి ఇనుప పైపుల్ని తాకింది. ముందు వరుసలో ఒక కేక లేచింది.

శ్రీశైలం ఒక్క ఉదుటున వేదికెక్కాడు. "అన్న వచ్చిండు! అందరు ముందుకు రాండ్రి!" అని కేకవేస్తూ ఆమె చేతిలో మైకు పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. గాజులు పగిలి మణికట్టు కోసుకుంది. ఏసోబు కొట్టుడు ఆపకుండానే, డప్పుతో సహా, ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. డప్పు అంచు శ్రీశైలం రొమ్ముకు తగులుతోంది. ఏసోబు చూపు దించలేదు. శ్రీశైలం చెయ్యి వదిలేశాడు.

"ఎనుకకు జరుగే!" అని ఆమె అందుకుంది. ఆ పైస్థాయి దగ్గర గొంతు చీలిపోయింది. చీలిన గొంతుతోనే పాడింది. ఏసోబు ఎప్పుడూ పాడని మనిషి, "ఓ వదినా" అని మోటుగా కలిపాడు. గోడ పక్కన ముసలివాళ్లు కొందరు కలిపారు. తర్వాత గోడల మధ్య ఎంతమంది కలిపారో ఆమెకు లెక్క తెలియదు. మళ్లీ గేటు వైపు నుంచి ఒక్కో వరుస వెనక్కి నడిచింది. రోడ్డంతా వెనక్కి నడుస్తున్న మనుషులతో నిండిపోతే అభ్యర్థి కారు ముందుకు రాలేక అక్కడే ఆగిపోయింది.

ఇనుప పైపులకు, ఆడవాళ్లకు మధ్య జానెడు సందు దొరికింది. మెహమూద్ వేదిక మీంచి దూకి, తీగలు విప్పే పట్టుకారుతో పైపుల కట్లు తెంపాడు. ఒక్కొక్కరినీ పైకి లాగారు. ఎర్ర రిబ్బను పిల్లను మొదట అందించారు. ఆ పిల్ల కళ్లు మూసుకుని ఉంది. లక్ష్మీనర్సమ్మ పాడుతూనే ఆ ముఖం మీద నీళ్లు చల్లింది. పిల్ల దగ్గింది. ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే లక్ష్మీనర్సమ్మకు ఇక పాట రాలేదు. కూలబడిపోయింది.

ఎవరూ చనిపోలేదు. పచ్చచీర ఆమెకు పక్కటెముకలు విరిగాయి. ఇద్దరికి చేతులు విరిగాయి. చాలామంది స్పృహ తప్పి తేరుకున్నారు.

మర్నాడు పొద్దున దవాఖానకు పోయింది లక్ష్మీనర్సమ్మ. పచ్చచీర ఆమె పేరు జులేఖా, మక్తల్‌లోనే గాజుల దుకాణం. రిబ్బను పిల్ల ఆమె కూతురు అల్మాస్. తల్లి మంచం చివర కూర్చుని, వచ్చిన మనిషిని ఆ పిల్ల కళ్లార్పకుండా చూసింది.

"మీ పాట ఇననీకెనే వచ్చినమక్కా" అంది జులేఖా, మాటకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. "రాజకీయం మాకెందుకు?"

లక్ష్మీనర్సమ్మ ఉండబట్టలేక అడిగింది. "నాటు పాట పాడినగద. ఇన్నవా చెల్లె?"

జులేఖా అడ్డంగా తల ఊపింది. "ఇనలేదక్కా. చెవులల్ల గుయ్యిమని ఒకటే సప్పుడు. జరసేపటికి గాలొచ్చింది. గంతే ఎరుక."

ఏసోబుతో కలిసి ఇంటికి బయలుదేరింది. బస్సు మహబూబ్‌నగర్ చేరుతుండగా అంది. "పాట ఇనలేదంట అన్నా."

"గాలైతే అందింది గద" అన్నాడు ఏసోబు.

ఆ సంగతి అంతటితో తెమలలేదు. అభ్యర్థి కారు వస్తుంటే జనమంతా వెనక్కి నడుస్తున్న దృశ్యం ఆ రాత్రికే ఫోన్లలో తిరిగింది. ఎదుటి పక్షం వాళ్లు దానికి నవ్వులు కలిపి పంచారు. అసలేం జరిగిందో చెప్పిన వాళ్లు తక్కువ. ఆ వీడియో తీసింది గోపీకృష్ణే. వేదిక మెట్ల మీద నిలబడి, సాయం చేయడానికి చేతులు రాక, అలవాటు కొద్దీ ఫోనెత్తాడు. అది అతని చేతిలోంచి ఎట్లా బయటికి పోయిందో అతనికే తెలియదట. శ్రీశైలం మనుషులు అతన్ని బెదిరించారు. చేతిలో ఉన్న సభలన్నీ పోయాయి.

"నాకొక్క మాట జెప్పకుండ ట్రాకు బంద్ చేయిస్తివి అక్కా" అన్నాడు తిరుమలగిరి వచ్చి.

"చెప్పిన. నీ మొకం చూసి అడిగిన. నువ్వు అటు తిరిగినవ్."

గోపీకృష్ణ తల దించుకున్నాడు. "నాకు గూడ భయమైంది" అన్నాడు. ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు. అయినా మళ్లీ అతనితో పనిచేయనని చెప్పేసింది. 'నర్సక్క' అనే పేరు చానల్‌దని అతను గుర్తుచేశాడు. ఉంచుకొమ్మంది. రెండు నెలల్లో ఆ పేరుతో ఇంకో అమ్మాయి బావ పాట పాడుతోంది. మంచి గొంతు. లక్ష్మీనర్సమ్మ ఒకసారి విని ఫోను పక్కన పెట్టింది. ఆ పూట అన్నం సహించలేదు.

ఆ యాసంగి పంటకు ఆమె నాట్లకు పోయింది. ఊరివాళ్లు ముందు జాలిగా చూశారు, తర్వాత పాట ఎత్తుకోమన్నారు. చీలిన గొంతు పూర్తిగా అతకలేదు. పైస్థాయిలో ఒక జీర ఉండిపోయింది. డాక్టర్ కొన్నాళ్లు గట్టిగా పాడొద్దన్నాడు. ఆమె తక్కువ స్థాయిలో పాడటం నేర్చుకుంది. అట్లా పాడుతుంటే తల్లి గొంతులా ఉందని ఊళ్లో పెద్దవాళ్లు అన్నారు.

మెల్లగా పిలుపులు వచ్చాయి. మొదట మహిళా సంఘాల వాళ్లు పిలిచారు. తర్వాత ఒక బడి వార్షికోత్సవం, ఆ తర్వాత ఒక జాతర. జిల్లాలో పని పోతుందని భయపడ్డ మెహమూద్ నల్గొండకు మారి, ఆమె ఎక్కడ పాడినా తన పెట్టెలు తెచ్చాడు. ఏసోబు డప్పుకు రెండు మైకులు పెడుతున్నాడు. బావ పాట పాడమని ఇప్పటికీ అడుగుతారు. పాడుతుంది, డప్పు మీదే, దాని పాత మాటలతో. కొందరు వింటారు, కొందరు లేచిపోతారు.

మొన్న సూర్యాపేట వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఊరి పండగకు రావాలి, ఏ పాటలు పాడుతారని అడిగాడు.

"పాటలు తర్వాత జెప్తనన్నా. మైదానానికి ఎన్ని గేట్లున్నయి?"

ఆయన పకపకా నవ్వాడు. "పాటలు పాడే మనిషివా, పోలీసువా అమ్మా?"

ఆమె నవ్వలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఊరుకుంది. అటువైపు నవ్వు ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఉండమ్మా. నాకు గూడ సరిగ్గ ఎరుకలేదు. పోయి చూసొచ్చి జెప్త. లైన్ల ఉంటవా?"

"ఉంట" అంది లక్ష్మీనర్సమ్మ. ఫోనులోంచి ఆయన చెప్పుల చప్పుడు, తర్వాత ఎక్కడో ఒక ఇనుప తలుపు కిర్రుమన్న చప్పుడు వినబడ్డాయి.